కొలువుకు దేశీయుడు, భూమికి దొర: జేమ్స్ స్కిన్నర్ ఖాతాలో రెండు లెక్కలు

ఐరోపా తండ్రికీ భారతీయ తల్లికీ పుట్టిన కుర్రాడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఏం కాగలడు? 1795 నాటి నిబంధన దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పింది. డ్రమ్ము వాయించవచ్చు, పిల్లనగ్రోవి ఊదవచ్చు, బ్యాండులో చేరవచ్చు, గుర్రాలకు లాడాలు కొట్టవచ్చు. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. నాలుగేళ్ల ముందే, 1791లో, కంపెనీ డైరెక్టర్లు లండన్‌లో కూర్చుని భారతీయ స్త్రీల కొడుకులకు సివిల్, సైనిక, నౌకా కొలువుల తలుపులు మూసేశారు. 1795లో జేమ్స్ స్కిన్నర్‌కు పదిహేడేళ్లు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే కంపెనీ తరఫున మూడు వేల మంది గుర్రపు రౌతులకు ఆయనే నాయకుడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఏటా 20,000 రూపాయలు వచ్చే జాగీరుకు యజమాని.

స్కిన్నర్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా వీరగాథ చెబుతారు. లేదంటే పర్షియన్ మాట్లాడే కర్నల్‌ను చూసి రెండు సంస్కృతులు కలిసిపోయాయని ముచ్చటపడతారు. ముచ్చట సంగతి ఎలా ఉన్నా, ఆయన జమాఖర్చులు చూస్తే ఇంకో కథ కనిపిస్తుంది. చర్మం రంగు చూసి హోదా ఇవ్వనన్న ప్రభుత్వం, ఆయన అవసరం తీరనందువల్ల వేరే రూపంలో చెల్లించింది. ఆ రూపం భూమి. ఆ భూమేమో తిరిగి సైన్యాన్నే పోషించింది.

తండ్రి హెర్క్యులీస్ స్కిన్నర్ స్కాట్లండ్ మనిషి, కంపెనీ సైన్యంలో అధికారి. తల్లి రాజపుత్ర జమీందారు ఇంటి ఆడబిడ్డ. యుద్ధంలో పట్టుబడి ఆయన ఇంటికి చేరింది. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. 1790లో ఆడపిల్లలను బడికి పంపాలని తండ్రి పట్టుబట్టాడు. పిల్లలు గడప దాటితే ఘోషా పోయినట్టే, పుట్టింటి పరువు పోయినట్టే అనుకున్న తల్లి ప్రాణం తీసుకుంది. అప్పటికి జేమ్స్‌కు పన్నెండేళ్లు. మగపిల్లలను మొదట ధర్మబడిలోను, తర్వాత నెలకు ముప్పై రూపాయల బోర్డింగు స్కూల్లోను వేశారు.

బడి అయ్యాక ఏడేళ్ల ఒప్పందం మీద కలకత్తాలో ఒక అచ్చాఫీసులో పెట్టారు. మూడో రాత్రే అక్కణ్ణుంచి పారిపోయాడు. జేబులో నాలుగణాలు. ఆ నాలుగణాలతో ఆరు రోజులు బజార్లో తిరిగాడు. అవి అయిపోయాక మూటలు మోశాడు. ఒక వడ్రంగి దగ్గర రంపం లాగితే రోజుకు రెండణాలు వచ్చాయి. చివరికి అక్కగారింటి నౌకరు కంట పడ్డాడు. బావ లాయరు. మూడు నెలలు ఆయన దగ్గర దస్తావేజులకు నకళ్లు రాశాక, తండ్రికి స్నేహితుడైన కర్నల్ బర్న్ అనే పెద్దమనిషి కుర్రాడి చేతిలో మూడు వందల రూపాయలు పెట్టి కాన్పూరుకు పంపించాడు.

కంపెనీ తలుపు మూసి ఉంది కాబట్టి మిగిలింది మరాఠా తలుపు. మరాఠా నాయకుడు మహాదజీ సింధియా కోసం సవోయ్ ప్రాంతపు సేనాని బెన్వా ద బోయ్న్ ఐరోపా పద్ధతిలో తయారుచేసిన పటాలాలు అప్పుడు ఉత్తర భారతంలో కెల్లా బలమైనవి. అందులో నెలకు 150 రూపాయల జీతానికి స్కిన్నర్ చిన్న అధికారిగా చేరాడు. ఇందులో వింతేమీ లేదు. కంపెనీ వద్దన్న ఇలాంటి కుర్రాళ్లు ఆ రోజుల్లో దేశీ దర్బారుల చుట్టూ చేరారు. హైదరాబాదులో విలియం పామర్ ఆ బాపతే. తండ్రి కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాం సైన్యంలో పనిచేసి, ఆపైన కత్తి వదిలి వడ్డీ వ్యాపారంలోకి దిగి, నిజాం సర్కారుకే అప్పులిచ్చేంతవాడయ్యాడు. ఢిల్లీ దర్బారులో కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా, పనిచేసి హైదరాబాదు వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ అప్పుల మీద విరుచుకుపడటంతో 1824 నాటికి పామర్ కంపెనీ కూలిపోయింది. పామర్ డబ్బును నమ్ముకున్నాడు, స్కిన్నర్ గుర్రాలను, భూమిని నమ్ముకున్నాడు. ఇద్దరిలో ఎవరి ఆస్తి నిలిచిందో చెప్పనక్కర్లేదు.

స్కిన్నర్ జీవితంలో ఎక్కువమంది చెప్పుకునే ఘట్టం 1800 నాటిది. కరౌలీ రాజుకు కిరాయికి వెళ్లిన సింధియా దళంతో పాటు ఆయన ఉనియారా రాజు మీదికి నడిచాడు. కిరాయి ఇస్తానన్న రాజే డబ్బు ఎగ్గొట్టేసరికి అతని బలగం పక్క మారింది. స్కిన్నర్ పటాలం చిక్కుకుపోయింది. గజ్జల దగ్గర తూటా తగిలి ఆయన యుద్ధభూమిలో పడిపోయాడు. రాత్రంతా, మర్నాడు పగలంతా, ఇంకో రాత్రి కూడా శవాల మధ్యే. పక్కన కాలు తెగిన సుబేదారు ఒకడు. నక్కలు దగ్గరికొస్తుంటే రాళ్లు విసిరి తోలుకున్నారు. రెండో పొద్దున ఒక ముసలాయన, ఒక ముసలావిడ బుట్టలో రొట్టెలు, కుండలో నీళ్లు పట్టుకుని వచ్చారు. పడున్న ఒక్కొక్కరికి ఒక రొట్టె, గుక్కెడు నీళ్లు. స్కిన్నర్ ఆత్రంగా తాగాడు. సుబేదారు మాత్రం ముట్టుకోలేదు. అతను రాజపుత్రుడు, ఆవిడ అంటరానిదిగా చూసే తోలుపని కులమైన చమార్. ఎలాగూ కాసేపట్లో పోయేవాడిని, ఆ కాసేపటి కోసం కులం పోగొట్టుకోనన్నాడు.

బతికి బయటపడ్డాక స్కిన్నర్ ఆ ముసలావిడకు వెయ్యి రూపాయలు పంపి, నిన్ను తల్లిగా భావిస్తున్నానని కబురు చెప్పించాడు. ప్రాణం దక్కితే చర్చి కట్టిస్తానని ఆ రాత్రే మొక్కుకున్నాడంటారు. మొక్కు తీరడానికి ముప్పై ఆరేళ్లు పట్టింది. ఈ ఘట్టాన్ని దైవభక్తికి నిదర్శనంగా చూపిస్తారు గానీ, ఇందులో ఇంకో సంగతి ఉంది. రాజపుత్ర తల్లి కొడుకు, రాజపుత్ర సుబేదారు పక్కపక్కన పడి ఉన్నారు. తల్లి ఏ కట్టుబాటు కోసం చనిపోయిందో, ఆ బాపతు కట్టుబాటు కోసమే సుబేదారు దాహంతో ఉండిపోయాడు. కొడుకు నీళ్లు తాగాడు. కులాల కట్టుబాట్ల మీద ఆయనకు జీవితమంతా ఉన్న ఆసక్తి ఊరికే పుట్టింది కాదు.

1803 ఆగస్టులో కంపెనీకీ సింధియాకీ యుద్ధం మొదలైంది. అప్పటికి ద బోయ్న్ స్థానంలో ఉన్న పెరాన్, బ్రిటిష్ రక్తమున్న అధికారులందరినీ ఒక్క దెబ్బతో తీసేశాడు. ఇక్కడే ఒక సంగతి గమనించాలి. స్కిన్నర్ కంపెనీ వైపు సంబరంగా పరిగెత్తలేదు. సింధియా కొలువులోనే ఉంటానని బతిమాలాడు. అలీగఢ్ దగ్గర ఓడి, తలమీద టోపీ కూడా లేకుండా పారిపోతున్న పెరాన్‌కు ఎదురెళ్లి మళ్లీ అడిగాడు. నమ్మకం లేదు, నమ్మకం లేదు అనేసి పెరాన్ సాగిపోయాడు. బ్రిటిష్ వాళ్లకు మనవాడు కాదు, మరాఠాల ఫ్రెంచి సేనానికి పైవాడు. గతిలేక కంపెనీ సేనాధిపతి జనరల్ లేక్ శిబిరానికి వెళ్లినప్పుడు కూడా స్కిన్నర్ ఒక షరతు పెట్టాడు: తన ఉప్పు తినిపించిన సింధియా మీదికి మాత్రం కత్తి ఎత్తనన్నాడు. లేక్ ఒప్పుకున్నాడు.

సెప్టెంబరు 11న ఢిల్లీ యుద్ధంలో మరాఠాలు ఓడాక పెరాన్ గుర్రపు దళంలో కొందరు కంపెనీ వైపు వచ్చారు. మీకు నాయకుడిగా ఎవరు కావాలని అడిగితే, సికందర్ సాహెబ్ కావాలన్నారు. స్కిన్నర్ అన్న పేరు వాళ్ల నోట అలా మారింది. సికందర్ అంటే అలెగ్జాండర్ కాబట్టి ఆ మార్పు ఆయనకూ నచ్చి ఉంటుంది. ఆ దళమే పసుపు పచ్చ అంగీలతో స్కిన్నర్స్ హార్స్ అయింది. చావో రేవో తేల్చుకునే రాజపుత్రులు కట్టే కాషాయం నుంచి ఆ రంగు తీసుకున్నారని రెజిమెంటు వాళ్లు చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, తల్లి వైపు నుంచి చూస్తే అతికే కథే.

ఆ దళం నడిచిన తీరు తెలియకపోతే స్కిన్నర్ భూమి కథ అర్థం కాదు. దాన్ని సిలేదారీ పద్ధతి అంటారు. సర్కారు సిపాయికి గుర్రమివ్వదు, ఆయుధమివ్వదు, దాణా ఇవ్వదు. నెలకు ఇంత అని జీతం మాత్రం ఇస్తుంది. గుర్రం, కత్తి, బల్లెం, మేత, గుడారం అన్నీ సవారు సొంతంగా చూసుకోవాలి. గుర్రం చస్తే నష్టం అతనిదే. గుర్రం కొనే స్తోమత లేనివాడు ఇంకొకరి గుర్రమెక్కి బార్గీరుగా చేరి, జీతంలో కొంత గుర్రం యజమానికి వదులుకుంటాడు. దళంలో ఉన్న ఒక్కో స్థానాన్ని అసామీ అనేవారు. అసామీ కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, ఒకరే రెండు మూడు పెట్టుకోవచ్చు. మన ఊళ్లలో భూమీపుట్రా ఉన్నవాణ్ణి ఆసామి అంటామే, మాట అదే. నిజాం ప్రాంతంలోనూ హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాలు ఇదే పద్ధతి మీద నడిచాయి. రిసాలా అంటే గుర్రపు దళం; రిసాలా బజార్ లాంటి పేర్లు ఆ రోజులు మిగిల్చినవే.

అంటే సవారు సగం సిపాయి, సగం పెట్టుబడిదారు. చేతిలో అంతో ఇంతో ఉన్న రైతు కుటుంబం నుంచి రావాలి. నాయకుడికి అలాంటి కుటుంబాలతో పరిచయం ఉండాలి. అవసరానికి గుర్రం కొనుక్కోమని అప్పు ఇవ్వగలగాలి. జీతాల డబ్బు ఆలస్యమైతే తన దగ్గర్నుంచి తీసి సర్దగలగాలి. ఇంగ్లండు నుంచి వచ్చి నాలుగేళ్లలో బదిలీ అయ్యే కెప్టెన్ వల్ల ఇది కాదు. ఊళ్లో పాతుకున్న భూస్వామి వల్లే అవుతుంది. హాన్సీ స్కిన్నర్‌ను అలాంటి భూస్వామిని చేసింది.

ఢిల్లీకి వాయవ్యంగా ఉన్న హాన్సీకి అంతకు ముందే ఒక చరిత్ర ఉంది. జార్జ్ థామస్ అనే ఐర్లండ్ నావికుడు మద్రాసులో ఓడ దిగి పారిపోయి, దక్షిణాదిన పాళెగాళ్ల దగ్గర కొన్నేళ్లు గడిపి, ఉత్తరాదికి వెళ్లి, హాన్సీ కోటలో తనే రాజునని ప్రకటించుకుని రూపాయలు కూడా ముద్రించుకున్నాడు. 1801లో అతణ్ణి హాన్సీ నుంచి దింపిన సింధియా సేనలో స్కిన్నర్ కూడా ఉన్నాడు. దేశీ రాజుల మాదిరిగా రాజ్యమే ఏలుదామనుకున్నవాడు ఆ కోటలో ఎలా ముగిసిపోయాడో కళ్లారా చూశాడన్నమాట. తానదే కోట ఊరికి వచ్చినప్పుడు కిరీటం జోలికి పోలేదు, పట్టాల జోలికి పోయాడు.

భూమి మాత్రం అంత తేలిగ్గా చేతికి రాలేదు. మరాఠా యుద్ధం ముగిశాక ఇవ్వాలనుకున్న జాగీరుకు ఒక అడ్డంకి వచ్చింది: బ్రిటిష్ ప్రజ అయినవాడు లోపలి జిల్లాల్లో భూమి కలిగి ఉండకూడదు. ఐరోపా వాళ్లు పల్లెల్లో భూములు కొని రైతులతో తగవులు తెచ్చిపెట్టకుండా కంపెనీ పెట్టుకున్న నియమమది. కాబట్టి జాగీరు బదులు పింఛను. ఇందులో ఉన్న తమాషా ఆనాటి గుమాస్తాలకు తోచిందో లేదో గానీ మనకు తోచక మానదు. అధికారి హోదా అడిగితే నువ్వు భారతీయుడివి, కుదరదు. భూమి అడిగితే నువ్వు ఇంగ్లీషువాడివి, కుదరదు. ఒకే మనిషికి, ఒకే ప్రభుత్వం, రెండు వైపుల నుంచీ తలుపు వేసింది. ఇది ఒక్క స్కిన్నర్ గోడు కాదు. జాన్ రికెట్స్ కలకత్తా నుంచి ఓడెక్కి లండన్ వెళ్లి 1830లో పార్లమెంటుకు ఇచ్చిన విన్నపంలో ఈ మిశ్రమ సంతతి వాళ్లందరి ఫిర్యాదూ ఇంచుమించు ఇదే: ఇంగ్లీషువాళ్లకు లాభం దక్కే చోట మేము దేశీయులం, దేశీయులకు దక్కే చోట మేము ఇంగ్లీషువాళ్లం.

1806 ప్రాంతంలో పొదుపు పేరుతో దళాన్ని కుదించారు. పంజాబ్ సరిహద్దు వేడెక్కేసరికి మళ్లీ పిలిచారు. నేపాల్ యుద్ధం నాటికి మూడు వేలకు పెంచారు. పిండారీలనే దోపిడీ గుర్రపు ముఠాల మీద దండయాత్ర అయిపోగానే మళ్లీ కోత. అవసరమైనప్పుడు చేర్చుకుని, తీరాక విప్పేసే బలగమది. అయినా ప్రతిసారీ తిరిగి పోగవగలిగిందంటే దానికి ఊళ్లే కారణం. హర్యానాలో రాంఘర్లనే ముస్లిం రాజపుత్రులు, జాట్లు, పఠాన్లు జీతం ఆగిన రోజు సేద్యానికి పోయి, కబురందగానే గుర్రమెక్కి వచ్చేవారు. గుర్రం వాళ్లదే కదా. 1818 ప్రాంతంలో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ కాలంలో నియమం పక్కన పెట్టి, అలీగఢ్ వైపు జాగీరును స్కిన్నర్‌కు వంశపారంపర్యంగా ఖాయం చేశారు. హాన్సీ, హిస్సార్ చుట్టూ ఊళ్లు, బులంద్‌షహర్ వైపు బిలాస్‌పూర్, ఢిల్లీలో కశ్మీరీ గేటు దగ్గర పెద్ద భవంతి ఆయన ఆస్తిలో చేరాయి.

హాన్సీ భూముల వెనక ఒక విషాదం ఉంది. విక్రమ శకం 1840లో, అంటే 1783-84లో, వచ్చిన చాలీసా కరువు ఆ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కూడా దున్నేవాళ్లు లేని బీడు చాలా ఉంది. బీడును మళ్లీ ఊరుగా చేయాలంటే బావి తవ్వించాలి, ఎడ్లకు, విత్తనాలకు అప్పివ్వాలి, దోపిడీ ముఠాల నుంచి కాపాడాలి. ఆ కాలంలో అక్కడ డబ్బు, బలగం రెండూ ఉన్న మనిషి గుర్రపు దళం నాయకుడే. 1820ల్లో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా నాటి పాత కాలువను పూడిక తీసి హాన్సీ దాకా నీళ్లు తెచ్చేసరికి ఆ బీళ్లకు విలువ వచ్చింది. దీన్ని దానధర్మంగా చెప్పుకోనక్కర్లేదు. పెట్టుబడి పెట్టి ఊరు నిలబెట్టినవాడికి ఊరి మీద హక్కు వచ్చింది, అంతకు ముందు ఆ నేలను దున్ని కరువులో చెల్లాచెదురైనవాళ్ల హక్కు మరుగున పడింది. స్కిన్నర్ మంచి జమీందారు అని పొగిడిన ఆనాటి ఇంగ్లీషు అధికారులు ఈ రెండో సగం గురించి పెద్దగా రాయలేదు.

1827లో ఢిల్లీ చిత్రకారుడు గులాం అలీ ఖాన్ గీసిన బొమ్మ ఒకటి లండన్ నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. స్కిన్నర్ రెజిమెంటు దర్బారు చేస్తున్నాడు. దళంలో చేరడానికి వచ్చిన కొత్తవాణ్ణి ఆయన ముందు నిలబెట్టారు. చుట్టూ పసుపు అంగీల సవార్లు. ఒక్కో ముఖం విడిగా, గుర్తుపట్టేలా గీశాడు చిత్రకారుడు. దీన్ని సైనిక చిత్రమనుకుంటే సైనిక చిత్రం, జమీందారు కచేరీ అనుకుంటే కచేరీ. కంపెనీ పటాలాల్లో మామూలుగా కనిపించేది పరేడు, దర్బారు కాదు.

ఆయన పర్షియన్‌లో రాయించిన తష్రీహ్-అల్-అఖ్వామ్ కూడా ఇక్కడే, 1825లో, హాన్సీ దండులోనే పూర్తయింది. కులాలు, వృత్తులు, సాధువుల తెగల గురించి బొమ్మలతో సహా చేయించిన పెద్ద గ్రంథం. కంపెనీ అధికారులు చేయించిన ఇలాంటి వివరాల సేకరణలో పన్ను వసూలు యావ కనిపిస్తుంది. స్కిన్నర్‌కూ ఆ యావ లేకపోలేదు, కానీ ఏ కులం ఎవరి చేతి నీళ్లు తాగదో ఆయనకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు.

1805లో లేక్ నాలుగుసార్లు ఎక్కి నాలుగుసార్లూ దిగివచ్చిన భరత్‌పూర్ కోట 1826 జనవరిలో పడిపోయింది. ఆ ముట్టడిలో స్కిన్నర్ సవార్లు ఉన్నారు. ఆ తర్వాతే ఆయనకు బ్రిటిష్ రాజు తరఫు లెఫ్టినెంట్ కర్నల్ హోదా, సి.బి. (కంపానియన్ ఆఫ్ ది బాత్) బిరుదు వచ్చాయి. అప్పటికి యాభైకి దగ్గర పడ్డాడు. అంతవరకు, తన కొడుకు వయసున్న ఇంగ్లీషు కుర్రాడు హోదాలో తన కంటే ముందు నడిచేవాడు. మతం, జన్మస్థలం, వంశం, రంగు చూసి ఎవరికీ కొలువు నిరాకరించకూడదన్న మాట 1833 చార్టర్ చట్టంలోకి ఎక్కేసరికి ఆయనకు యాభై అయిదేళ్లు.

ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గరి సెయింట్ జేమ్స్ చర్చి 1836 నవంబరులో తెరుచుకుంది. తొంభై వేల రూపాయల పైచిలుకు ఖర్చు, అంతా ఆయన సొంతం. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. ముగ్గురు కొడుకులతో పాటు స్కిన్నర్ కూడా బిషప్ ముందు మోకరిల్లి, లాంఛనంగా చర్చి సభ్యుడయ్యాడు. చర్చి కట్టించినవాడు అప్పటిదాకా ఆ లాంఛనం జరుపుకోనే లేదన్నమాట. తల్లి కోసం గుడి, భార్య కోసం మసీదు కూడా కట్టించాడని ఢిల్లీలో చెప్పుకుంటారు. అది మరీ చక్కగా అమరిన కథ, అందుకే అనుమానం. భార్యలు పద్నాలుగు మంది అన్న లెక్కను కూడా ఆయన వంశీకులు ఒప్పుకోలేదు.

1841 డిసెంబరు 4న హాన్సీలో చనిపోయాడు. మొదట అక్కడే పాతిపెట్టారు. నెలన్నర తర్వాత శవపేటికను తవ్వి తీసి, సవార్లు వెంట నడుస్తుండగా ఢిల్లీకి తెచ్చి, 1842 జనవరి 19న ఆ చర్చిలోనే మళ్లీ ఖననం చేశారు. ప్రాణస్నేహితుడు, ఢిల్లీలో కంపెనీ అధికారి అయిన విలియం ఫ్రేజర్ సమాధి ఆ ఆవరణలోనే ఉంది. 1835లో హత్యకు గురైన ఫ్రేజర్‌కు దాన్ని కట్టించింది స్కిన్నరే. అంతటి ఊరేగింపుతో ఏ పాదుషా కూడా ఢిల్లీలోకి రాలేదని జనం అనుకున్నారట. ఎర్రకోటలో అప్పటికి బహదూర్ షా జఫర్ కంపెనీ పింఛను మీద బతుకుతున్నాడు.

ఆస్తిని కొడుకులు పంచుకోకుండా చాలా ఏళ్లు ఉమ్మడిగానే నడిపారు. పద్ధతి చూస్తే ఇంగ్లీషు వారసత్వం కంటే మన ఉమ్మడి కుటుంబానికే దగ్గర. పందొమ్మిదో శతాబ్దం చివరికి వాటాలు వేసుకున్నారు, ఆపైన ముక్కలు చేతులు మారాయి. దళం మాత్రం భారత సైన్యంలో ఇప్పటికీ ఫస్ట్ హార్స్ పేరుతో, స్కిన్నర్స్ హార్స్ అన్న పాత పేరును కూడా అట్టిపెట్టుకుని ఉంది. గుర్రాల బదులు ట్యాంకులు వచ్చాయి. సవార్లు వాటిని సొంత డబ్బుతో కొనుక్కోనక్కర్లేదు.